కుట్టని పురుగు

విడవలూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల గుంటలు మొదలవడానికి కాస్త ఇవతల చర్చి వీధి ఉంది. ఆ వీధిలో మొదటి ఇల్లు కరుణాకుమారిది. రెండు గదులు, ముందు రేకుల వసారా. వసారాలో కుట్టుమిషను, దాని పక్కన కటింగు బల్ల, గోడకు మేకులు, మేకులకు వేలాడే సంచులు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ జాకెట్లలో సగం ఆ వసారాలో పుట్టినవే.

పనిలో ఆమెకు వంక పెట్టినవాళ్ళు లేరు. చంక కింద ముడత రానివ్వదు, భుజం జారనివ్వదు. కానీ మనుషుల్ని నమ్మడం మాత్రం ఆమెకు చేతకాలేదు. పాలు పోయించుకుంటే గిన్నె వంచి చూసుకుంటుంది. కూరగాయల బండివాడు తూకం వేస్తుంటే ఆమె కళ్ళు వంకాయల మీద ఉండవు, అతని బొటనవేలి మీద ఉంటాయి. పాస్టరు గారు ప్రసంగంలో ఎవరి పేరూ చెప్పకుండా ‘మనలో కొందరు’ అంటే చాలు, ఆ కొందరూ తనేనేమోనని ఇంటికి వచ్చేదాకా నలిగిపోతుంది. భర్త టైటస్ గుంటల దగ్గరికి ఐసు తోలే ఆటో నడుపుతాడు. మెతక మనిషి. పెళ్ళయిన కొత్తలో ఆమె తన చొక్కా జేబులు వెతకడం చూసి నవ్వి, మర్నాటి నుంచి తనే జేబులు బయటికి లాగి చూపించి మరీ గడప దాటేవాడు.

ఈ గుణం ఆమెకు ఊరికే అంటుకోలేదు. తండ్రి జీవానందం కూడా దర్జీయే. దర్జీ అన్నవాడు గుడ్డలో ఎంతో కొంత మింగుతాడని ఊరందరి నమ్మకం. ఆయన కత్తెర పట్టుకుంటే బట్ట తెచ్చినవాళ్ళు ఎదురుగా నిలబడి చూసేవాళ్ళు. ఒకసారి ఎవరిదో పట్టుగుడ్డ తక్కువ వచ్చిందని నలుగురు మగవాళ్ళు ఇంట్లోకి వచ్చి పెట్టె బోర్లించారు. అప్పటికి కరుణాకుమారి బడికి పోయే పిల్ల. పెట్టెలోంచి కింద పడ్డ అమ్మ చీరల్ని వాళ్ళు కాళ్ళతో కదిలించి చూడడం ఆమె చూసింది. గుడ్డ దొరకలేదు. ఆ తరువాత జీవానందం అంగుళం పీలికైనా ఉంచుకోకుండా, కత్తిరించిన ముక్కలన్నీ మూటగట్టి జాకెట్టుతో పాటు తిరిగి ఇచ్చేవాడు. ఆ మూటలు కట్టడమే కూతురికి ఆయన నేర్పిన మొదటి పని. లోకం ఎప్పుడూ ఏదో ఒక నింద చేతిలో పట్టుకునే ఎదురొస్తుందని ఆమె మనసులో ముద్ర పడిపోయింది.

అంత అనుమానపు మనిషీ ఒక్క రేవతిని నమ్మింది. రేవతి కాలవకు అవతలి వెంకయ్య ఇంటి కోడలు. వాళ్ళది వ్యవసాయం, వరి పొలం ఉంది. రేవతికి ఇంట్లో పని అయిపోయాక చేతులు ఊరుకోవు. పని నేర్చుకుంటానని కొన్నేళ్ళ కిందట వచ్చి, నేర్చుకున్నాక కూడా పోలేదు. హుక్కులు, కాజాలు, చీరల ఫాల్స్‌తో మొదలుపెట్టి మెల్లగా మిషను ఎక్కింది. కరుణాకుమారి ఊరికి పోతే వసారా తాళంచెవి రేవతి దగ్గరే ఉండేది. టైటస్ దగ్గర కూడా కాదు.

ఆ ఏడు దీపావళి పోయిన వెంటనే వానలు పట్టుకున్నాయి. వసారా ముందు బురద. బట్టలు తెచ్చేవాళ్ళు జారి పడుతున్నారు. బురదలో కాస్త వరిగడ్డి పరిస్తే బాగుండునని కరుణాకుమారి అన్నది. రేవతి వాళ్ళ గడ్డివామి ఒక పక్క తడిసిపోయి, పశువులు మూతి పెట్టడం మానేసిన గడ్డి ఉంటే, వెంకయ్య రెండు మోపులు తెచ్చి మెట్ల ముందు మందంగా పరిచిపోయాడు. కాళ్ళ కింద అది మెత్తగా ఉండేది. వాన మీద వాన కురిసి అది నల్లబడి, అడుగున మురిగి, ఒక రకమైన పుల్లటి వాసన వేయడం మొదలుపెట్టినా ఎవరూ పట్టించుకోలేదు. సముద్రం పక్క ఊళ్ళో వాసనలకు కొదవా?

క్రిస్మస్ పని నెత్తి మీదికి వచ్చింది. చర్చిలో పాటలు పాడే ఆడపిల్లలందరికీ ఒకే రకం తెల్ల గౌన్లు కుట్టాలని సంఘం నిర్ణయించి, ఆ పని కరుణాకుమారికి అప్పగించింది. పొద్దుగూకేలోపు తెమిలే పని కాదు. టైటస్ మిషనుకు నెత్తి మీదుగా ఒక తెల్ల ఎల్ఈడీ బల్బు వేలాడదీశాడు. సందకాడ దీపం వెలిగించి ఇద్దరు ఆడవాళ్ళూ ఇంకాసేపు కూర్చునేవాళ్ళు. వాన వెలిసిన సాయంత్రాల్లో బల్బు చుట్టూ ఉసుళ్ళు, దోమలు, పేరు తెలియని పురుగులు ముసిరేవి. విదిలించుకుంటూ కుట్టుకునేవాళ్ళు.

ఒకరోజు పొద్దున నిద్రలేచేసరికి కరుణాకుమారికి మెడ మంటగా ఉంది. అద్దంలో చూసుకుంటే, మెడ వెనక నుంచి ముందుకు ఒక ఎర్రని చార. మర్నాటికి అది పొంగి, సన్నని నీటిబుగ్గలు లేచి, అట్లకాడ కాల్చి వాత పెట్టినట్టయింది. కొలతల టేపు రోజంతా మెడలో ఎక్కడ వేలాడుతుందో, సరిగ్గా అక్కడే ఉంది ఆ వాత. దాన్ని చూడగానే ఆమె మనసు టేపు మీదికి పోయింది. టేపు మీద నుంచి, టేపును ముట్టుకునే రెండో మనిషి మీదికి పోయింది.

అలా పోవడానికి కారణం ఉంది. అంతకు వారం ముందు జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినామె ఒకతె, రేవతి కొత్త మిషను కొన్నదట, బస్టాపు దగ్గర గది కోసం అడుగుతున్నదట అని యథాలాపంగా చెప్పిపోయింది. రేవతి ఆ మాట ఎత్తలేదు. కరుణాకుమారి అడగలేదు. అడగకుండా కనిపెట్టడం మొదలుపెట్టింది.

కనిపెట్టేవాళ్ళకు కనిపించనిది ఏముంటుంది? రేవతి ఈ మధ్య పని మధ్యలో లేచి పోయి చేతులు కడుక్కుంటున్నది, అదీ సబ్బు పెట్టి. ఇదివరకు కరుణాకుమారి తాగిన చెంబుతోనే తాగే మనిషి, ఇప్పుడు ఇంటి దగ్గర నుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకుంటున్నది. అంత ఉక్కలోనూ పైట భుజాల చుట్టూ నిండా కప్పుకుని కూర్చుంటున్నది. ఎవరైనా వస్తే మాట తగ్గిస్తున్నది. ఇవన్నీ ఒకదానికొకటి అతికించి చూసుకుంటే కరుణాకుమారికి ఒకే మాట తట్టింది. నల్లజీడి. చాకలివాళ్ళు గుడ్డలకు గుర్తు పెట్టే జీడిరసం ఒంటికి తగిలితే ఇట్లాగే పొంగి బుగ్గలెక్కుతుందని చిన్నప్పటి నుంచి విన్నదే. టేపుకు సన్నగా పూస్తే ఎవరికి తెలుస్తుంది? చెయ్యి పడిపోతే పని పడిపోతుంది. పనులన్నీ బస్టాపు దగ్గరికి పోతాయి.

టైటస్ బలవంతం మీద మండలం ఆసుపత్రికి పోయింది. డాక్టరు వాతను చూసి, సాయంత్రాలు లైటు కింద కూర్చుంటారా అని అడిగి, ఏదో పురుగు నలిగి ఉంటుందని చెప్పి, సబ్బుతో కడగమని, పూయడానికి మందు ఇచ్చాడు. ఆమె నమ్మలేదు. పురుగు కుడితే కుట్టినప్పుడే తెలియదా? ఏ నొప్పీ లేకుండా కుట్టి పోయే పురుగు ఉంటుందా? బయట జనం బారులు తీరి ఉన్నారు గనక త్వరగా పంపేయడానికి ఒక మాట అన్నాడనుకుంది. మందు మాత్రం పూసుకుంది, అదీ మొదట చేతి మీద కాస్త రాసి చూసుకుని.

టేపును పెట్టెలో పెట్టి తాళం వేసింది. కొత్త టేపు తెచ్చుకుని బొడ్డులో దోపుకోవడం మొదలుపెట్టింది. అయినా రెండు రోజులకు మోచేతి మడతలో మరో వాత లేచింది. మడతకు అటొకటి ఇటొకటి, అద్దంలో బొమ్మల్లా. అయితే టేపు ఒక్కటే కాదన్నమాట, కుర్చీకో కత్తెర పిడికో కూడా పూస్తున్నదన్నమాట. వసారాలోకి ఎవరు వచ్చినా, ఏం చేసినా స్పష్టంగా కనపడాలని ఆమె టైటస్‌తో ఇంకా పెద్ద బల్బు తెప్పించింది. ఆటోలో ఐసు మీద పెట్టుకుని తెచ్చాడతను. అది వెలిగిస్తే వీధి చివర మేక కూడా కనపడేది. ఆ వెలుగులో కరుణాకుమారి కుట్టే గుడ్డకన్నా రేవతి చేతుల్నే ఎక్కువ చూసేది. వాతలు తగ్గలేదు, పెరిగాయి.

డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన అయిపోయాక ఈ వ్యవహారం పగిలింది.

శుక్రవారం సాయంత్రం పాటల పిల్లల్లో షారన్ అనే అమ్మాయి గౌను తొడిగి కొలత చూసుకుని పోయింది. ఆదివారానికి ఆ పిల్ల మెడ కింద, కాలరు ఆనుకునే చోట, ఎర్రగా పొంగింది. తల్లి అబిగయీలు ఇంకో ఇద్దరు తల్లుల్ని వెంటబెట్టుకుని నేరుగా వసారాకు వచ్చింది. పిల్ల తలవంచుకుని మెట్ల కింద నిలబడింది. రేవతి ఆదివారం కూడా పనికి వచ్చి, మూలన కూర్చుని చేతిపని చేస్తున్నది. అబిగయీలు గొంతు పెంచలేదు. గుడ్డ యాడ కొన్నారు, తెల్లగా రావాలని దేంట్లోనన్నా ముంచినారా, గంజి యాడది అని ఒక్కొక్కటే అడిగింది. కరుణాకుమారి జవాబులు చెబుతూనే ఉంది. చివరికి అబిగయీలు అడగదలచిన మాట అడిగింది.

“నా బిడ్డ మెడ కాలింది కరుణక్కా. గుడ్డకు ఏం పూసినారు?”

పూసినారు. ఆ మాట చెవిన పడగానే కరుణాకుమారికి చిన్నప్పుడు బోర్లించిన పెట్టె గుర్తొచ్చింది. వచ్చినవాళ్ళ కళ్ళు అప్పుడే బల్ల కిందికీ సంచుల్లోకీ పోతున్నాయి. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే మూలకు లేచింది.

“నన్నెందుకు అడుగుతారు? దాన్ని అడగండి. నా టేపుకు జీడి పూసింది, నా కుర్చీకి పూసింది. ఇప్పుడు బిడ్డల గుడ్డల దాకా వచ్చింది. బస్టాపు కాడ అంగడి పెట్టాలిగా.”

రేవతి సూది గుడ్డలోనే గుచ్చి పక్కన పెట్టింది. లేచి వచ్చింది. ఏడవలేదు. ఇన్నాళ్ళూ భుజాల చుట్టూ కప్పుకుని ఉన్న పైటను మెడ మీద నుంచి తొలగించింది. కంఠం పక్క నుంచి చెవి కింది దాకా వాత. పాతబడి, పొట్టు లేచి, నల్లగా ఉంది.

“ఇది నాకు మీకన్నా ముందొచ్చింది,” అన్నది. “మిషను సంగతి మీకు తెలిసిపోయి మీరే ఏదో చేసినారనుకున్నా. అందుకే ఇంటి నుంచి నీళ్ళు తెచ్చుకున్నా, చేతులు కడుక్కున్నా. అయినా నేను ఎవరికీ చెప్పలేదు.”

ఇన్నేళ్ళలో రేవతి ఆమెను ‘నువ్వు’ అనేదే తప్ప ‘మీరు’ అన్నది లేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, కుళ్ళిన గడ్డి మీదుగా నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కరుణాకుమారి మాత్రం కరగలేదు. పూసే చేతికి కాస్తయినా అంటకుండా ఉంటుందా, జీడి నూరేటప్పుడు తనకూ చింది ఉంటుందని అప్పటికప్పుడే అన్నది. అన్నాక తన మాట తనకే కొంచెం బోలుగా వినిపించింది. కానీ అన్నది అన్నట్టే ఉంచింది.

మర్నాడు వాయుగుండం తీరం దాటింది. గాలికి సరుగుడు చెట్లు విరిగాయి, కరెంటు స్తంభాలు వరిచేలల్లో పడ్డాయి. వారం దాకా ఊళ్ళో కరెంటు లేదు. కరుణాకుమారి పగటి వెలుతురున్నంతసేపు గుమ్మం దగ్గర కూర్చుని కుట్టి, చీకటి పడగానే లేచిపోయేది. ఒక్కతే కుడుతుంటే గౌన్లు కదలడం లేదు. కానీ వాతలు మానాయి, కొత్తవి రాలేదు. నాలుగు రోజులు చూసి టైటస్‌కు చెప్పింది, చూసినావా, అది పోయింది, నా ఒళ్ళు బాగయింది అని. ఆ గెలుపు ఆమెకు అన్నం సహించేట్టు చేసింది. టైటస్, “నువ్వనేదే నిజమైతే మంచిదేలే. కాకుంటే మాత్రం ఏం చేస్తావు కరుణా?” అని అడిగాడు. ఆమె గమ్మున ఉండమన్నది.

కరెంటు వచ్చింది. పండగ దగ్గర పడింది. పెద్ద బల్బు కింద ఆమె మళ్ళీ కూర్చుంది. మూడో పొద్దున కంటిరెప్ప మూసుకుపోయి, చెంప మీద కొత్త వాతతో లేచింది.

అప్పుడామెకు నిజంగా భయం వేసింది. రేవతి లేదు. కుర్చీ, కత్తెర, టేపు అన్నీ కడిగినవే. వసారాలో ఎవరూ అడుగు పెట్టలేదు. ఎవరినైనా అనుమానించడానికి అంతకాలం ఆమెకు మనిషి కరువు కాలేదు. ఇప్పుడు ఎంత వెతుక్కున్నా ఒక్క మొహమూ దొరకడం లేదు. టైటస్ మొహం కూడా ఒక క్షణం వచ్చి పోయింది. అది వచ్చినందుకు సిగ్గుపడింది.

ఆ సాయంత్రం ఆమె మిషను తొక్కలేదు. కటింగు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, బల్బు వెలిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చుంది. ముందు దోమలు వచ్చాయి, తరువాత ఉసుళ్ళు. వాటి మధ్యలో ఒకటి గుడ్డ మీద రాలి, చీమలా పరిగెత్తింది. చీమ అనుకుని విదిలించబోయి ఆగింది. బియ్యపు గింజంత ఉంది. తల నల్లన, మెడ ఎర్రన, నడుం మీద నీలంగా మెరిసే పొట్టి పెంకు, దాని వెనక మళ్ళీ ఎరుపు, కొసన నలుపు. తోక తేలులా పైకెత్తుకుని గుడ్డ అంచు దాకా పోయి, ఆ చిన్న పెంకు విప్పి, కింద మడతపెట్టుకున్న రెక్కలు చాచి ఎగిరింది. చీమకు పెంకు ఉండదు. ఇంకొకటి రాలింది, మరొకటి. ఒకటి ఆమె ముంజేతి మీద వాలి మోచేతి మడత వైపు నడిచింది. కుట్టలేదు, కరవలేదు. అలవాటు చొప్పున ఇంకో చెయ్యి దాన్ని నలపడానికి లేచింది.

డాక్టరు అన్న మాట గుర్తొచ్చింది. నలిగి ఉంటుంది అన్నాడు, కుట్టి ఉంటుంది అనలేదు.

అయినా ఊరికే నమ్మే మనిషి కాదామె. ఎడమ చేతి మీద, మణికట్టుకు పైన, ఒక పురుగును పెట్టి వేలితో నలిపి, కుడి చేతిని సబ్బుతో బాగా కడుక్కుంది. ఎడమ చేతిని మాత్రం కడగలేదు. ఏమీ కాలేదు. పడుకునేటప్పటికీ ఏమీ కాలేదు. మర్నాడంతా మాటిమాటికీ పైట కొంగు తొలగించి చూసుకుంది. సందకాడకు ఎర్రబడింది. ఆ మరుసటి పొద్దుకు తను నలిపినంత మేరా, వేలు ఎటు జరిగిందో అటే, బుగ్గలు లేచాయి.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

ఆ పురుగులు ఎక్కడ పుడుతున్నాయో చూద్దామని అప్పుడే కర్ర తీసుకుని మెట్ల ముందు గడ్డిని లేపింది. అడుగున గడ్డి గడ్డిగా లేదు, నల్లని ముద్దగా, పేడలా అయిపోయి ఉంది. వెలుతురు తగలగానే ఆ ముద్దలోంచి ఎర్రా నల్లా పురుగులు గుంపుగా బయటపడి, తోకలెత్తుకుని అటూ ఇటూ పరిగెత్తాయి. ఈ గడ్డి తెచ్చింది వెంకయ్య, వెంకయ్య ఎవరు, రేవతి మామ అని ఆమె మనసు చివరిసారి పాత దారి పట్టబోయింది. కావాలనే తెచ్చి వేశారా? ఆ వెంటనే, గడ్డి పరిస్తే బాగుండునని అడిగింది తనేనని గుర్తొచ్చింది. బల్బు పెట్టించిందీ తనే. పెద్దది తెప్పించిందీ తనే. ఆమె కర్ర పారేసి మెట్టు మీద కూలబడింది.

మొదట అబిగయీలు ఇంటికి పోయింది. జరిగింది చెబితే అబిగయీలు తలుపు దగ్గరే నిలబెట్టి విన్నది. ఒకసారి రేవతి అన్నావు, ఇప్పుడు పురుగంటావు, రేపు ఇంకేం చెబుతావు అని అడిగింది. అడగడంలో తప్పు లేదు. కరుణాకుమారి చెయ్యి చాపి వాత చూపించి, కావాలంటే సందకాడ వచ్చి బల్బు కింద కూర్చో, నీ కళ్ళతో చూద్దువు అన్నది. షారన్ లోపలి నుంచి వచ్చి, గౌను తొడుక్కున్నప్పుడు కాలరులో ఏదో కదిలితే గట్టిగా రుద్దుకున్నానని చెప్పింది. అబిగయీలు కొంచెం మెత్తబడింది.

“ఆ పొద్దు నేనన్న మాట నువ్వు విన్నావు,” అన్నది కరుణాకుమారి. “ఇప్పుడు రేవతితో నేను అనబొయ్యే మాట కూడా నువ్వే వినాల. నాతో రా.”

మిగతా ఇద్దరు తల్లుల్ని కూడా పిలుచుకుని కాలవ వంతెన దాటారు. దారికి రెండు పక్కలా నారుమళ్ళు నీళ్ళలో నిలిచి ఉన్నాయి. వెంకయ్య పశువుల కొట్టం ముందు కూర్చుని పగ్గం పేనుతున్నాడు. కోడలి మీద పడ్డ నింద సంగతి తెలిసినవాడే గనక రమ్మనలేదు, పొమ్మనలేదు. కరుణాకుమారి అగ్గిపెట్టెలో పెట్టి కొంగున ముడేసుకుని తెచ్చిన పురుగును చూపిస్తే, తెరిచి చూసి మూశాడు. “ఇది మా మళ్ళల్లో ఎప్పుడూ తిరిగేదే. పైరు మీద దోమను తింటాది. మేం దీని జోలికి పోము, అది మా జోలికి రాదు. ఒళ్ళు కాలస్తాదని నాకు తెలవదు,” అన్నాడు. లేచి పోయి అగ్గిపెట్టెను గట్టు మీద విప్పి వదిలేసి వచ్చాడు.

రేవతి లోపల కొత్త మిషను ముందు ఉంది. అందరూ వచ్చినట్టు తెలిసినా కొంతసేపు తొక్కుతూనే ఉండి, దారం తెంపి బయటికి వచ్చింది. కరుణాకుమారి చెప్పదలచుకున్నది దారంతా కూర్చుకుంటూ వచ్చింది. తీరా ఆమె ఎదురుగా నిలబడేసరికి అందులో ఏదీ మిగలలేదు.

“పురుగు రేవతీ. నువ్వు కాదు. నలుగురిలో అన్నా గనక నలుగురిలోనే చెప్తుండా. నేనన్నది అబద్ధం.”

చెయ్యి చాపింది. రేవతి ఆ చెయ్యి చూసింది, ముట్టుకోలేదు. “ఇప్పుడెందుకు వచ్చినారు? పండగ దగ్గరికొచ్చింది, గౌన్లు మిగిలిపోయినాయనా?” అని అడిగింది.

గౌన్లు మిగిలిపోయిన మాట నిజం. గౌన్లు లేకపోయినా వచ్చేదా? వచ్చేదాన్నేనని కరుణాకుమారికి అనిపించింది గానీ, దాన్ని రుజువు చేయడానికి చేతి మీద వాతలాంటిది ఏదీ లేదు.

“గౌన్లు మిగిలినాయి,” అన్నది. “వాటి కోసం రాలేదు. నమ్మితే నమ్ము.”

అబిగయీలు మధ్యలో కలగజేసుకుని, తను కూడా ఆ పొద్దు గమ్మున నిలబడి చూసినదాన్నేనని, తనదీ తప్పేనని అన్నది. రేవతి లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి అందరికీ ఇచ్చింది. చెంబు కరుణాకుమారి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె లోపలికి చూడకుండానే తాగేసింది.

వాళ్ళు లేచి గడప దాటుతుండగా రేవతి వెనక నుంచి చెప్పింది. మిషను సంగతి మొదటే చెబుదామనుకున్నానని, చెబితే నీ దగ్గరికి వచ్చేవాళ్ళనందరినీ ఎత్తుకుపోతానని అనుకుంటావేమోనని భయపడి దాచానని అన్నది. అనుకునేదాన్నే అన్నది కరుణాకుమారి. చాలా రోజుల తరువాత వాళ్ళ మధ్య దాపరికం లేకుండా నడిచిన మొదటి మాట అదే.

మర్నాడు టైటస్ ఆటోలో కత్తిరించిన గౌన్లలో సగం రేవతి ఇంటికి తోలాడు. రేవతి వద్దనలేదు. ఆమె అక్కడ, కరుణాకుమారి ఇక్కడ, పగటి పూటే కుట్టారు. కుళ్ళిన గడ్డిని టైటస్ పారతో ఎత్తి ఆటోలో వేసుకుపోయి వెంకయ్య చెప్పిన మడిలో చల్లి వచ్చాడు. మెట్ల ముందు ఇటుక ముక్కలు పరిచారు. పెద్ద బల్బు తీసేసి, సాయంత్రమైతే వసారా దీపం ఆర్పి లోపలి గదిలో తలుపు వేసుకుని కుట్టడం అలవాటు చేసుకుంది. క్రిస్మస్ పొద్దున పిల్లలు తెల్లగౌన్లలో వరసగా నిలబడి పాడుతుంటే, ఎవరిది ఏ ఇంట్లో కుట్టిందో కరుణాకుమారికి తప్ప ఎవరికీ తెలియలేదు. రేవతి చర్చికి రాదు. కానీ ఆ రోజు కాలవ వంతెన మీద నిలబడి చూసిందని తరువాత ఎవరో చెప్పారు.

కొత్త సంవత్సరంలో రేవతి బస్టాపు దగ్గర అంగడి తెరిచింది. ఫాల్స్, పీకో పనికి ఎవరైనా వస్తే కరుణాకుమారి అక్కడికే పంపేది. మొదట్లో పంపి, వాళ్ళు తిరిగి తన దగ్గరికి వస్తారో రారోనని లెక్కలు వేసుకునేది. అలవాటు ఒక్కరోజులో చావదు. తనను తను పట్టుకుని, తల విదిలించుకుని, మళ్ళీ మిషను తొక్కేది.

వరి కోతలప్పుడు ఒక మధ్యాహ్నం రేవతి ఒక సంచి పట్టుకుని వసారా ఎక్కింది. ఎవరిదో పెళ్ళి జాకెట్టు. వెనక మెడకు దింపు ఎక్కువ, పట్టు జారుతున్నది, కత్తిరించడానికి చెయ్యి రావడం లేదన్నది. కరుణాకుమారి గుడ్డను బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసింది. ఇద్దరూ చెరో అంచు పట్టుకున్నారు. కత్తెర సగం దూరం నడిచాక రేవతి మెల్లగా అన్నది.

“ఆ పొద్దు అందరిలో నువ్వన్న మాట నేనింకా మర్చిపోలేదక్కా.”

“మర్చిపోవద్దులే,” అన్నది కరుణాకుమారి. “గుడ్డ గట్టిగా పట్టుకో, జారతాంది.”

రేవతి పట్టు బిగించింది. కత్తెర ముందుకు నడిచింది.